భగ్నభూమి కథాంతము

మూడు సంపుటముల కథలో మొదటి రెండును అప్పు చేయును, మూడవది తీర్పవలెను. అద్భుతమైన లోకమొకటి మన కన్నులయెదుట నిలిపి, అది యేల యట్లున్నదో, అందలి ద్వేషమునకు మూలమేమో, మాటలాడువారెవరో తరువాత తెలియునని వాయిదా వేయుచు పోవుట రచయితకు సులభమే. ఆ వాయిదాలన్నియు ముగియు దినమున చేత పైకము లేనివారే పెక్కురు. మన లాక్షణికులు నాటకమునకు నిర్వహణసంధిని విధించి, అక్కడక్కడ చల్లిన బీజములన్నియు నొక ప్రయోజనమునకు కూడవలెనని నియమించిరి. ఆ నియమమును పాటింపగల కవులు ప్రాచీనులలోనే యరుదు. నేటి బృహత్కథాకారులలో మరియు నరుదు.

భయానకాద్భుతములు కలిసిన యాంగ్లకల్పనలు ఈ కష్టమును దాటుటకు రెండు అడ్డదారులను కనిపెట్టినవి. మొదటిది పాతది: దుష్టప్రభువు కూలును, రాజవంశాంకురము సింహాసన మెక్కును, లోకము మునుపటివలె నుండును. రెండవది యీ నడుమ పుట్టినది: మంచి యనునదే లేదు, గెలిచినవాడును దుష్టుడే, చదువరి యిన్నాళ్లు ప్రేమించినవారు వ్యర్థముగా చత్తురు. మొదటి దారి పిల్లలను నిద్రపుచ్చునట్టిది. రెండవ దారి తాను పెద్దవాడనైతినని నమ్మిన బాలుని గర్వము. ఈ రెండింటిలో దేనిని త్రొక్కక కథను ముగించిన గ్రంథత్రయ మొకటి మాకు లభించినది గావున దానిని గూర్చి వ్రాయుచున్నాము.

అది ఎన్. కె. జెమిసిన్ రచించిన 'ది బ్రోకెన్ ఎర్త్', అనగా భగ్నభూమి. 'ది ఫిఫ్త్ సీజన్' 2015లోను, 'ది ఒబెలిస్క్ గేట్' 2016లోను, 'ది స్టోన్ స్కై' 2017లోను వెలువడినవి. రచయిత్రి 1972లో జన్మించిన ఆఫ్రికన్ అమెరికన్ వనిత. మనస్తత్వశాస్త్రమును చదివి, విద్యార్థులకును ఇతరులకును సలహాలు చెప్పు వృత్తిలో నుండి గ్రంథరచనకు వచ్చినది. ప్రపంచ విజ్ఞానకల్పనా సమ్మేళనమున సభ్యుల ఓట్లచే నిచ్చు హ్యూగో బహుమానము ఉత్తమ నవల వర్గమున 2016, 2017, 2018 సంవత్సరములలో వరుసగా ఈ మూడు సంపుటములకును వచ్చెను. అంతకు ముందు వరుసగా మూడేండ్లు దానిని పొందినవారు లేరు. నల్లజాతివారిలో ఆ వర్గమున దానిని తొలుత పొందినదియు నీమెయే. బహుమానములు గ్రంథమునకు ప్రమాణము గావు. కాని మూడవ సంపుటము మొదటిదాని కీర్తిపై బ్రదుకు సామాన్యస్థితిలో, మూడవదానికిని సమానమైన మన్నన లభించుట గమనింపదగినది.

కథ జరుగు ఖండమునకు నిశ్చలభూమి యని పేరు. ఈ పేరే యొక వెక్కిరింత, ఏలయన అంతగా కంపించు నేల మరి యెక్కడను లేదు. కొన్ని వందల యేండ్ల కొకసారి భూకంపమో, అగ్నిపర్వతమో మిన్ను మూసివేయును; బూడిద కురియును; పంటలు పోవును; మనుష్యులు మనుష్యులను తినువరకు వచ్చును. ఆ కాలమును వారు అయిదవ ఋతువందురు. అట్టి కాలములను దాటుటకై వారు రాతిపలకలపై చెక్కిన ధర్మములను నమ్ముకొని బ్రదుకుదురు. ఈ రాతి ధర్మములు అనాదియనియు మార్పులేనివనియు జనుల విశ్వాసము. కాని పాలకులు వానిని తమకు వలసినప్పుడెల్ల చెరిపి తిరుగ వ్రాయించుచు వచ్చిరని కథలోని యొక పాత్ర తేటపరచును. స్మృతులయొక్క ప్రక్షిప్తములను గూర్చి వాదించి యలసిన మన చదువరులకు ఈ ఘట్టము క్రొత్త గాదు.

అంతకంటె దగ్గరి విషయ మింకొకటి కలదు. ఈ ఖండమున ప్రతి మనుష్యునికిని తన పేరు, కులము పేరు, ఊరి పేరు అను మూడు భాగములు గల నామమొకటి యుండును. రచయిత్రి వాడిన మాట యక్షరాల మన దేశమును గూర్చి ఆంగ్లేయులు వాడు 'కాస్ట్' అను మాటయే. బలిష్ఠులు, నిరోధకులు, నాయకులు, సంతానము కనుటకై యేర్పరుపబడినవారు మొదలుగా శాస్త్రము గుర్తించిన కులములు ఇరువది. వాడుకలో నున్నవి ఏడు. కొడుకునకు తండ్రి కులమును, కూతునకు తల్లి కులమును వచ్చును. గుణములు ఆ త్రోవను దిగివచ్చునని వారి నమ్మకము. కరవుకాలమున ఎవరికి అన్నము పెట్టవలెను, ఎవరిని వాకిట బయటికి నెట్టవలెను అనునది ఆ నడిమి పేరే తేల్చును. తెలుగు చదువరి యీ పుటలను చదువునప్పుడు ఇది పరలోకమున జరుగు కథయని తన్ను తాను మభ్యపెట్టుకొనుట కష్టము.

ఈ కులములన్నిటికిని వెలుపల నున్నవారు ఓరోజీనులు. వారికి పుట్టుకతోనే భూమి కదలికను అణచుటకును పుట్టించుటకును శక్తి కలదు. వారే లేనిచో ఆ ఖండమున ఒక్క పట్టణమైనను నిలువదు. అయినను చట్టము వారిని మనుష్యులుగా నెన్నదు. పల్లెలో బిడ్డకు ఈ శక్తి యున్నదని తెలిసినచో జనులు కొట్టి చంపుదురు, లేదా రాజధానియైన యుమెనెస్ లోని ఫుల్క్రమ్ అను శిక్షణాలయమునకు అప్పగింతురు. అక్కడ సంరక్షకులను పేర కాపలాదారులు వారిని వంచి, విరిచి, పనికి వచ్చునట్లు చేయుదురు. ఎవరితో ఎవరు కలిసి బిడ్డను కనవలెనో కూడ ఆ శిక్షణాలయమే ఆజ్ఞాపించును. వంగని పిల్లల మెదడులో కొంత కోసివేసి, కుర్చీకి కట్టి, రహదారుల వెంబడి నున్న స్థానములలో ఉంచుదురు. ఆ పిల్లలు తెలివిలేకయే నేలను అణచుచుందురు. అట్టి కుర్చీ నొకదానిని మొదటి సంపుటమున మనకు చూపుదురు. దానిని చదివిన పిమ్మట ఆ నాగరికత నిలువవలెనని కోరుకొను చదువరి యుండునా యని మాకు సందేహము. కథాంతమును గూర్చిన ప్రశ్న యంతయు ఆ కుర్చీయొద్దనే పుట్టినది.

ఎస్సున్ అను స్త్రీ ఈ కథకు నాయిక. ఆమె తాను ఓరోజీననుట దాచి యొక చిన్న యూర బడిపంతులమ్మగా బ్రదుకుచుండెను. ఒకనాడింటికి వచ్చునప్పటికి, మూడేండ్లయిన నిండని తన కొడుకును తన మగడే కొట్టి చంపి, ఎనిమిదేండ్ల కూతురు నస్సున్‌ను తీసికొని వెడలిపోయి యుండెను. బిడ్డకు తల్లి శక్తి వచ్చెననుటయే ఆ బిడ్డ నేరము. ఆమె మగని వెదకుచు బయలుదేరును. ఆమెకు పూర్వజన్మలవంటి బ్రదుకులు రెండు కలవని మెల్లగా తెలియును. రెండవ బ్రదుకున, ఒక దీవిలో సంరక్షకులు తన్ను చుట్టుముట్టినప్పుడు, వారి చేతికి చిక్కి ఆ కుర్చీపాలు గాకుండుటకై ఆమె తన మొదటి బిడ్డను తన చేతులతోనే చంపియుండెను. ఇది కేవలము కల్పనయనువారు అమెరికా చరిత్రను చూడవలెను. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అను బానిసస్త్రీ కెంటకీ నుండి గడ్డకట్టిన ఓహాయో నదిని దాటి సిన్సినాటికి పారిపోయి, పట్టుబడు సమయమున తన కూతును చంపెను. టోనీ మారిసన్ 1987లో ప్రకటించిన 'బిలవెడ్' నవలకు ఆ వృత్తాంతమే మూలము. జెమిసిన్ ఆ దుఃఖమునే తెచ్చి క్రొత్త నేలపై నాటినది.

మూడవ సంపుటము తీర్పవలసిన యప్పు లేవో యిప్పుడు చెప్పవచ్చును. కథను చెప్పువా డొకడు మొదటినుండియు ఎస్సున్‌తో 'నీవు నడచితివి, నీవు ఏడ్చితివి' అను తీరున మాటలాడుచుండును. ఆమె చేసిన పనులను ఆమెకే యేల చెప్పుచున్నాడు? భూమికి మనుష్యులపై నింత పగ యేల? ఆకసమున చందమామ యేల లేడు? ఆ లోకపువారికి చందమామ యను మాటయే తెలియదు. వీని కన్నిటికిని మీదుగా, తల్లియు కూతురును కలిసికొందురా, కలిసిన నేమి చేసికొందురు?

మొదటి మూడు ప్రశ్నలకు సమాధానము నలువదివేల యేండ్లకు పూర్వపు వృత్తాంతమున నున్నది. కథకుడైన హోవా నాడు సిల్ అనగిస్ట్ అను మహానగరమున పుట్టించిన కృత్రిమ మనుష్యుడు. జీవము పవిత్రమని ఆ నగరము నిత్యము చాటుచుండును. గోడలు మొలచును, బండ్లు బ్రదికియుండును, వీధులు పూయును. ఆ నగర మంతకు ముందు నీయెస్ అను జాతిని జయించి నాశము చేసెను. నీయెస్‌లకు జీవశక్తిని వాడు విద్య తమకంటె బాగుగా వచ్చుట నగరపు పండితులు ఓర్వలేకపోయిరి. కావున నీయెస్‌ల శరీరమే వేరనియు, వారు సరియైన మనుష్యులు గారనియు శాస్త్రము కల్పించిరి. జాతి నశించిన తరువాత ఆ శాస్త్రము అబద్ధమని యెవరును ఒప్పుకొనలేరు గదా. అందుచే నీయెస్‌లను గూర్చి తాము చెప్పిన వికారములన్నియు గల మనుష్యులను పనికట్టుకొని తయారుచేసిరి. హోవాయు, అతని తోటివారును ఆ అబద్ధమునకు తొడిగిన శరీరములు.

ద్వేషమును గూర్చి ఇంత సూక్ష్మముగా వ్రాసినవారిని మేము అరుదుగా చూచితిమి. అణచినవారు అణగినవారిని గూర్చి చెప్పు మాటలు అబద్ధములని సంస్కారవాదులమందరము అనుచునేయుందుము. ఆ అబద్ధమే తనకు సాక్ష్యమును తాను తయారుచేసికొనునని, చదువు చెప్పక చదువురానివాడని, బావి ముట్టనీయక శుచిలేనివాడని, చూపించి చూపించి తుదకు నిజము చేయజూచునని ఈ యధ్యాయములు కథారూపమున చూపును. ఇందు నీయెస్‌లు తెల్లని కన్నులును పాలిపోయిన జుట్టును గలవారు. వారిని నాశము చేసినవారు శ్యామలవర్ణులు. రచయిత్రి వర్ణమును తలక్రిందు చేసి, చర్మపు రంగులో నేమియు లేదు, ఎవరి చేతిలో నధికారమున్నదో అదియే సర్వమని తేల్చినది.

నీయెస్‌లు చేసిన యంత్ర మొకటి ఆ నగరపు ప్రదర్శనశాలలో నుండును. దానివలన నే ప్రయోజనమును లేదు, అందమునకై చేసినది. పండితులు దానిని చూచి, ఇట్టిదానితో భూగర్భమునుండి అంతులేని శక్తిని తోడుకొనవచ్చునని గ్రహించి మహాయంత్రమును కట్టిరి. ఒకజాతి పాటగా పాడుకొన్నదానిని మరియొక జాతి గానుగకు కట్టినది. ఆ యంత్రపు స్తంభముల మొదట, తీగెలవంటివానితో బంధింపబడి చావును బ్రదుకును గాక పడియున్నవారిని హోవా ఒకనాడు చూచును. వారును తనవంటివారే, పనికి రాకపోయినవారు. యుమెనెస్ రాజ్యపు కుర్చీకి తాతముత్తాతలు అక్కడ నున్నారు. జీవము పవిత్రమను నగరము ఆ జీవములను వత్తులుగా కాల్చి వెలుగుచుండెను. అప్పుడు వారు యంత్రమును చెడగొట్టిరి. భూమియు ప్రాణముగలదే, తన గర్భమును దోచజూచినవారిపై అది లేచెను. ఆ పెనుగులాటలో చంద్రుడు తన కక్ష్యనుండి విసరివేయబడెను. బిడ్డను పోగొట్టుకొన్న భూమి నాటినుండి మనుష్యులను క్షమింపదు. హోవాదులు రాతిమనుష్యులై చావులేక మిగిలిరి.

చూడుడు: బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కథయే పైనను క్రిందను నడచుచున్నది. ఇంత పెద్ద పోలికను రచయిత్రి యెక్కడను వేలెత్తి చూపకపోవుట మాకు మిక్కిలి నచ్చినది. ఆ లోకపు జనులు భూమిని తల్లి యనక తండ్రి యని తిట్టుదురు, పోలిక దాగుటకు అదియు నొక కారణము.

ఇక కూతురు. నస్సున్ తండ్రి వెంట ఖండమంతయు నడచును. కొడుకును చంపిన యా తండ్రి కూతు రోగము కుదుర్చు చోటు వెదకుచుండును. కుదురకపోవుట చూచి ఆమెనును చంప వచ్చును. ఆమెయే అతనిని చంపవలసి వచ్చును. ఆమెకు మిగిలినవాడు షఫ్ఫా యను ముసలి సంరక్షకు డొక్కడే. ఒకప్పుడు ఎస్సున్ బాల్యమున, లొంగుట నేర్పుటకై, ఆమె చేతియెముకను విరిచినవాడు వాడే. ఎస్సున్ తాను తల్లియైన తరువాత రహస్యముగా కూతునకు శిక్షణ యిచ్చుచు, అదే రీతిని ఆ కూతు చేతిని విరిచెనని తరువాత తెలియును. తానెరిగిన బోధన అదొక్కటే. బిడ్డ బ్రదుకవలెనను ప్రేమతోనే చేసెను. అయినను బిడ్డకు మిగిలినది విరిగిన చేయి. షఫ్ఫా తన పూర్వస్మృతిని చాలవరకు పోగొట్టుకొని, ఇప్పు డీ పిల్లను నిష్కపటముగా ప్రేమించును. విరిచినవాడు ప్రేమించుటయు, ప్రేమించినది విరుచుటయు నను నీ చిక్కును రచయిత్రి విప్పక యట్లే యుంచినది.

మూడవ సంపుటమున నస్సున్ ఒక నిశ్చయమునకు వచ్చును: చంద్రుని తెచ్చి భూమిపై పడవేసి సర్వమును ముగింపవలెను. ఆమెను దుష్టపాత్ర యనుట చదువరికి సాధ్యము గాదు. పదియేండ్లు నిండెనో లేదో యను ఆ పిల్ల వాదమునకు మా వద్దను తేలికైన సమాధానము లేదు. ఈ లోకము నావంటివారిని కొట్టి చంపుచున్నది. కొట్టనిచో కుర్చీకి కట్టుచున్నది. వేలయేండ్లుగా నిట్లే చేయుచున్నది. మీరు దీనిని కాపాడుమనుచున్నారేల యని ఆమె ప్రశ్న. మెల్లగా మార్పు వచ్చును, ఓర్చుకొనుడు అని చెప్పుట మావంటి సంస్కారవాదుల యలవాటు. చంపబడిన తమ్ముని చెల్లెండ్ర కెవరికైనను ఆ మాట చెప్పి చూచినవారికి దాని రుచి తెలియును. తరువాత షఫ్ఫా మరణమునకు దగ్గరగుట చూచి నస్సున్ తన యూహను మార్చుకొనును: అందరిని నాశము చేయుటకు మారుగా, అతడు చావకుండ, మనుష్యులనందరిని చావులేని రాతిమనుష్యులుగా మార్చవలెను. ప్రేమవలన బుద్ధి మారినది గాని మంచికి మారలేదు. ఇదియు బాగుగా గ్రహించిన విషయమే.

తల్లి కోరునది వేరు: చంద్రుని పట్టి తిరిగి కక్ష్యలో నిలిపి, భూమి పగను చల్లార్చి, అయిదవ ఋతువులకు స్వస్తి చెప్పవలెను. భూమి కావలివైపున నున్న దీవిలో నిరువురును ఎదురుపడుదురు. ఆ మహాశక్తిని ఒక్కరే వాడగలరు. పోరు మొదలగును. తల్లి నేర్పుగలది, కూతురు బలముగలది. ఇరువురును లాగిన కొలది ఇరువురి శరీరములును రాయి యగుచుండును. ఇంకను పట్టుదల సాగించినచో కూతురు చచ్చును, విడిచినచో లోకము పోవచ్చును. అప్పుడు ఎస్సున్ విడిచివేయును. ఇద్దరు బిడ్డల చావు చూచినది, వారిలో నొకనిని తానే చంపినది, మూడవ బిడ్డను తన చేతులతో చంపుటకు ఒప్పుకొనలేకపోయెను. ఆమె రాయియై నిలిచిపోవును. నస్సున్ ఆ రాతిని చూచును. ఇక తన్నెవరును అడ్డగించువారు లేరు. ఏమి చేసినను చేయవచ్చును. ఆమె తల్లి కోరిన దానినే చేయును. చంద్రుడు తిరిగి వచ్చును.

ఈ ముగింపు తృప్తి నిచ్చుట కెంతో కారణమున్నది. తల్లి గెలిచి కూతు చేతులు కట్టి లోకమును రక్షించినచో ఏమగును? ఫుల్క్రమ్ చేసినదే యగును: లోకహితమునకై బిడ్డను కుర్చీకి కట్టుట. కథ యెంత దూరము వచ్చినను తాను నిందించిన చోటనే తేలును. కూతురు గెలిచి లోకమును ముగించినచో పగ తీరునుగాని, ఆ లోకమున ఓరోజీనులును సామాన్యులును ఒక పంక్తిని కూర్చుండి తినిన కాస్ట్రిమా వంటి ఊరొకటి యుండెననునది మరపున పడిపోవును. ఆ ఊరి పెద్దయైన ఇక్కా తాను ఓరోజీననుట దాచక పాలించినది. జనులు గొణిగిరి, కొట్టుకొనిరి, అయినను కలిసి యుండిరి. భూమి తానే కనికరించి చంద్రుని పిలుచుకొనినచో అది దైవఘటన, ఎవరి ప్రయోజకత్వమును లేదు. రచయిత్రి యీ మూడింటిని వదలి, అధికారమున్న తల్లి ఆ యధికారమును తన బిడ్డపై వాడుటకు నిరాకరించుటను కథకు కీలుగా పెట్టినది. చేతిని విరిచి లొంగుట నేర్పెడి పరంపర షఫ్ఫానుండి ఎస్సున్‌కును, ఎస్సున్ నుండి నస్సున్‌కును వచ్చెనని చెప్పితిమి గదా. అది యీ క్షణమున తెగినది. నస్సున్‌ను ఒప్పించినది వాదము గాదు, ఆజ్ఞ గాదు. తన యిష్టమునకు విడువబడుట ఆమె బ్రదుకులో ఇదే మొదటిసారి.

ఒక యాక్షేపణ మా స్నేహితులలో కొందరు చెప్పిరి. తల్లి త్యాగముతో చిక్కులన్నియు తీర్చుట పాత యెత్తు గదా. మన కథలలో తల్లులు చచ్చి చచ్చి కొడుకులను బాగుచేయుచునే యున్నారు. స్త్రీ తన్ను తాను నలిపివేసికొనుటకు మరల హారతి పట్టుట యేల? ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. త్యాగశీలయైన మాతృమూర్తి యను బొమ్మవలన మన యిండ్లలో జరిగిన యపకారము కొంచెము గాదు. కాని ఎస్సున్ ఆ బొమ్మ గాదు. ఆమె కోపిష్ఠి, మొండి, నలువదియేండ్ల వయసున తన సుఖమును తాను వెదకుకొను మనిషి, ఒక నగరపు జనులను శక్తితో మట్టుపెట్టినది. ఆమె కూతునకు మంచి తల్లి గాలేదని కథ దాపరికము లేక చెప్పును. కూతును కలిసినప్పుడును ప్రేమమాటలు ఆమె నోట రావు. లోకమునకై బిడ్డ నర్పించిన తల్లుల కీర్తనలు మనకు చాలనున్నవి. ఇందు బిడ్డకై లోకమును పణముగా పెట్టుట జరిగినది. అది యొప్పో తప్పో లెక్క చూచుకొని ఆమె చేయలేదు. అట్లు లెక్క చూచుకొనినచో ఆమె పక్షమును మేము సమర్థింపజాలము.

గ్రంథము వ్రాయుచుండిన కాలముననే రచయిత్రి తన తల్లిని పోగొట్టుకొన్నది. మూడవ సంపుటపు కృతజ్ఞతావాక్యములలో ఆమెయే దానిని చెప్పినది. ఆ పుటల యందలి పొదుపునకు అదియు కొంత కారణమై యుండును.

ఆ తరువాతి భాగము మాకు కొంత భయము కలిగించినది. రాయియైన ఎస్సున్‌ను హోవా భూగర్భమునకు తీసికొనిపోయి, రాతిమనిషిగా తిరిగి పుట్టించును. చచ్చినవారిని లేపుట కథకులకు గల మహాప్రలోభము. ఏడ్చిన చదువరి కన్నీరు తుడిచి బుజ్జగించుట. కాని యిచ్చట రెండు సంగతులు దానిని కాపాడినవి. ఆమె కూతునొద్దకు తల్లిగా తిరిగి రాదు. ఆ కుటుంబము కూడదు. రెండవది, తిరిగి పుట్టినవారికి పూర్వజ్ఞాపకము నిలువదు. ఆమె ఆమెగానే యుండుటకై ఆమె కథను ఆమెకు ఎవరైనను చెప్పవలెను. మూడు సంపుటములుగా 'నీవు, నీవు' అని వినబడిన యా గొంతు ఇదియే. మనము చదివినదంతయు ఆ శిలయొద్ద కూర్చుండి అతడు చెప్పినదే. మొదటి పుటలో విచిత్రముగా తోచిన శైలి తుదిపుటలో అవసరమని తేలినది. నిర్వహణసంధి యనగా ఇదియే గదా! కన్నులు తెరచిన ఆమె కోరునది మేలైన లోకము. దానికి పని మొదలుపెట్టుదమనుటతో గ్రంథము ముగియును. పెండ్లి లేదు, పట్టాభిషేకము లేదు. మన 'కన్యాశుల్కము'ను మంగళములేని ముగింపని నొచ్చుకొన్నవారు దీనిని చూచియు నొచ్చుకొందురు గాబోలు.

లోపములు లేవనము. ఎస్సున్‌ను ప్రేమించిన లెర్నా యను వైద్యుడు భూగర్భప్రయాణమున ఒక్క త్రుటిలో పోవును. అతని బిడ్డను ఆమె మోయుచున్నది గూడ. చావు నిజజీవితమున నట్లే వచ్చునని సమాధానము చెప్పవచ్చునుగాని, అంతటి మనిషికి మరి రెండు పుటలు దక్కవలసినది. జీవశక్తి ప్రవాహములను, స్తంభముల కూర్పును వివరించు ఘట్టములు యంత్రశాలలో పనివాని మాటలవలె సాగును. మేము రెండుమారులు చదివియు కొన్నిటిని గ్రహింపలేదు. కాస్ట్రిమా జనులు రెండవ సంపుటమున మనకు బంధువులైరి. మూడవ సంపుటమున ఎడారి దాటు బాటసారులుగా మాత్రమే మిగిలిరి. ఇదియే మాకు పెద్దలోటుగా తోచినది. ఏలయన చంద్రుడు తిరిగి వచ్చినంత మాత్రమున ద్వేషము పోదు. భూకంపము లాగినచో వానిని అణచువారితో ఇక పనియేమి యని జనులు అడుగరా? పనికి వచ్చుచున్నంతకాలమే సహింపబడినవారికి పని తీరిన దినము ఆపదయే. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు ఇక్కావంటి ఊరిపెద్దలు గాని, చంద్రుని దించిన వీరులు గారు. ఇక్కా గొంతు చివరి పుటలలో వినబడును, కాని చాలినంతగా గాదు.

ఈ గ్రంథమును తెనిగింపబూనువారికి ఒక మనవి. మూడవ సంపుటమునకు కీర్తి యెక్కువని మొదట దానినే పట్టుకొనరాదు. మొదటి సంపుటపు కుర్చీని చూడనివానికి మూడవదానిలోని శాంతి చప్పగా నుండును. హోవా పిలుపును 'మీరు' అని మార్చరాదు. 'నీవు' అను చనువే ఆ కథకు ప్రాణము. ఓరోజీనులను దూషించుటకు ఆ జనులు వాడు 'రొగ్గ' యను మాటకు సమానమైన తిట్టు మన భాషలో వెదకిన దొరకకపోదు, ఊరూర దొరకును. అయినను దేనిని వాడరాదని మా యభిప్రాయము. అట్టి మాటలు మన దేశమున బ్రదికియున్న మనుష్యులను నొప్పించుచు నేటికిని తిరుగుచున్నవి. 'రొగ్గ' యను మాటనే యుంచిన చాలును. రెండు పుటలు చదువునప్పటికి దాని కంపు తెలుగువారికి తెలియును.